వేసవి మధ్యాహ్నం.. చిన్ని చేతులకు చేతినిండా పని

* ముడిసరుకంతా పల్నాటి ఇళ్లలో, పొలాల్లోనే
* పెద్దగా ఖర్చు లేకుండానే బొమ్మలు, రంగులు, ప్రభలు
* పెద్దలు పక్కన కూర్చుంటే చాలు.. దిద్దాల్సిన పనిలేదు

నరసరావుపేట: వేసవి వచ్చిందంటే ఉష్ణోగ్రతల పట్టికలో రెంటచింతల పేరు ముందు వరుసలో కనిపించడం పల్నాటి వాసులకు కొత్త కాదు. పొద్దు పదింటికే మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల వీధులు బోసిపోతాయి. సాయంత్రం ఐదయ్యే వరకు గడప దాటేందుకు పెద్దలే వెనకాడతారు. ఏప్రిల్ చివరి వారంలో మూతపడే బడులు తిరిగి తెరుచుకునేది జూన్ రెండో వారంలోనే. సుమారు ఏడు వారాల పాటు, రోజుకు ఏడు గంటల చొప్పున పిల్లలు నాలుగు గోడల మధ్య ఏం చేయాలన్నది ఇంటింటా తలెత్తే ప్రశ్న.

ఒకప్పుడు ఈ ప్రశ్నకు వామనగుంటలు, అష్టాచెమ్మా, గచ్చకాయలు సమాధానంగా ఉండేవి. ఇప్పుడు వాటి స్థానాన్ని సెల్‌ఫోన్ ఆక్రమించింది. అన్నం తినిపించాలన్నా, అల్లరి మాన్పించాలన్నా తల్లిదండ్రులు దాన్నే చేతికిస్తున్నారు. ఏడాదిలోపు శిశువులకు తెర చూపించనే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వయసు వారికి రోజుకు గంటకు మించనీయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు వెలువరించింది. అయితే ఫోన్ లాక్కున్నంత మాత్రాన సమస్య తీరదు. ఖాళీ అయిన చేతిలో మరొకటి పెట్టాలి. ఆ మరొకటి బజారులో కొనుక్కురావాల్సిన పనిలేదు. చేలో మిగిలిన జొన్న దంటు, చెరువు మట్టి, వంటింట్లోని పసుపు, అటకపైనున్న పాత శుభలేఖలు చాలు. పల్నాడు నేల, పల్నాటి పండగలు, పల్నాటి కథలే పిల్లల చేతిలో కళగా మారతాయి.

పిచ్చి గీతలు కావు.. తొలి అక్షరాలు

పిల్లలతో కూర్చోబోయే ముందు పెద్దలు ఒక విషయం తెలుసుకోవాలి. పిల్లల బొమ్మలకు వయసును బట్టి ఒక క్రమం ఉంటుంది. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కళా ఉపాధ్యాయుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వెలువరించిన గ్రంథంలో ఈ దశలను వివరించారు. రెండేళ్ల పిల్లవాడు గీసేవి కేవలం గీతలు. చెయ్యి కదిలితే కాగితంపై గుర్తు పడుతుందన్న ఆనందమే అక్కడ ప్రధానం. మూడు, నాలుగేళ్లకు గీత తిరిగి మొదలైన చోటే కలిసి సున్నా అవుతుంది. ఆ సున్నాకు రెండు కాళ్లు మొలిస్తే అది అమ్మ. మెడ, పొట్ట ఉండవు. అది తప్పు కాదు. ఆ వయసుకు అమ్మ అంటే ముఖమే. ఏడేళ్లు వచ్చేసరికి కాగితం అడుగున నేలగీత, పైన ఆకాశం చోటుచేసుకుంటాయి. మనిషి కంటే పువ్వు పెద్దదిగా ఉండవచ్చు. ఎందుకంటే పిల్లలు తమకు ముఖ్యమైనదాన్ని పెద్దగా గీస్తారు.

ఈ క్రమం తెలియని పెద్దలు 'మనిషి ఇలా ఉంటాడా?' అంటూ పెన్సిలు లాక్కుని తామే గీసి చూపుతుంటారు. అప్పటి నుంచి 'నాకు రాదు, నువ్వే వేసిపెట్టు' అనడం పిల్లలకు అలవాటవుతుంది. కింద వివరించిన పనులన్నింటికీ ఇదే తొలి సూత్రం. కత్తి, పొయ్యి, సున్నం వంటి ప్రమాదకరమైనవి పెద్దల చేతిలో ఉండాలి. మిగిలిన పని అంతా పిల్లలది కావాలి.

జొన్న బెండుతో ఎడ్లబండి

జొన్న, మొక్కజొన్న కోతల తర్వాత చేలల్లో, దొడ్లలో ఎండు దంటు మిగులుతుంది. దాని పైతొక్క గట్టిగా, లోపలి బెండు మెత్తగా, తేలికగా ఉంటుంది. తాత ముత్తాతలు చిన్ననాట దీనితోనే బండ్లు, కళ్లజోళ్లు, మంచాలు చేసుకునేవారు. ఒకే దంటులో కట్టే వస్తువు, దాన్ని బిగించే మేకు రెండూ దొరకడం దీనిలోని సౌలభ్యం. బెండు ముక్కలను కలపడానికి పైతొక్క చీలికలనే మేకుల్లా గుచ్చితే సరిపోతుంది. జిగురు అక్కర్లేదు.

బాగా ఎండిన, పురుగు పట్టని దంటును ఎంచుకోవాలి. పైన దుమ్ము పోయేలా తడిగుడ్డతో తుడవాలి. పైతొక్క అంచు బ్లేడులా కోసుకుంటుంది కాబట్టి తొక్క ఒలిచే పని పెద్దలే చేయాలి. ఒలిచిన చీలికలను వేలెడు పొడవున విరిచి, కొనలు మొద్దుగా చేసి విడిగా ఉంచాలి. ఇక పిల్లల వంతు. జానెడు పొడవున్న రెండు బెండ్లు పక్కపక్కన పెట్టి అడ్డంగా చీలికలు గుచ్చితే బండి చట్రం సిద్ధమవుతుంది. దాని కిందుగా ఒక పొడవాటి చీలికను ఇరుసుగా దూర్చాలి. బెండును గుండ్రంగా కోసిన బిళ్లలు చక్రాలవుతాయి. ముందుకు సాగే పొడవాటి ముక్క నొగ. దాని కొసన అడ్డంగా పెట్టేది కాడి.

ఇరుసు, నొగ, కాడి అన్న మాటలు ట్రాక్టర్ల కాలంలో పుట్టిన పిల్లలకు పరిచయం లేనివి. బండి కట్టడం నేర్చేసరికి ఆ మాటలూ నోటికి వస్తాయి. ఇంట్లో తాతయ్య ఉంటే ఈ పని ఆయనకు అప్పగించడం ఉత్తమం. ఆరేళ్లు దాటిన వారికి ఇది తగిన పని. అంతకంటే చిన్నవారు బెండు ముక్కలను నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. వారికి పెద్ద ముక్కలిచ్చి రంగు వేయించవచ్చు.

రేగడి మట్టి ఎందుకు పగులుతుంది?

పత్తి, మిర్చి పండే నల్లరేగడి నేల పల్నాటిలో చాలా గ్రామాల్లో ఉంది. అయితే ఆ మట్టితో నేరుగా బొమ్మ చేస్తే రెండో రోజుకే పగుళ్లిస్తుంది. ఎండాకాలంలో పొలం బీటలు వారడానికి, బొమ్మ పగలడానికి కారణం ఒక్కటే. రేగడిలోని సన్నని బంకమట్టి రేణువులు నీటిని పీల్చుకుని బాగా ఉబ్బుతాయి. ఆరినప్పుడు అంతే వేగంగా కుంచించుకుపోతాయి. ఈ సంగతి పిల్లలకు చెప్పి, అదే మట్టితో రెండు బొమ్మలు చేయించి చూపితే పాఠ్యపుస్తకంలోని నేలల పాఠం ఇంట్లోనే అర్థమవుతుంది.

పరిష్కారం సులభం. మూడు పాళ్ల రేగడికి ఒక పాలు జల్లించిన సన్నని ఇసుక, గుప్పెడు సన్నగా తరిగిన వరిగడ్డి కలిపి ముద్ద చేయాలి. ఇసుక కుంచించుకుపోయే గుణాన్ని తగ్గిస్తుంది. గడ్డి పీచు మట్టిని పట్టి ఉంచుతుంది. మట్టిగోడలు కట్టిన పూర్వీకులు మట్టిలో గడ్డి కలిపి తొక్కిందీ ఇందుకే. చెరువు ఒండ్రు దొరికితే మరీ మంచిది. ముద్దను తాడులా పేని వేలికి చుట్టి చూడాలి. విరగకుండా వంగితే పదును కుదిరినట్లు. పగుళ్లు వస్తే కాస్త నీరు చిలకరించి మళ్లీ పిసకాలి.

ఎద్దు, పొయ్యి, చిన్న కుండ, పిట్ట వంటి వాటితో మొదలుపెట్టవచ్చు. కొమ్ములు, తోక, కాళ్లు విడిగా చేసి అతికించేటప్పుడు రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, పల్చటి మట్టి నీరు పూసి అదమాలి. లేకుంటే ఆరాక ఊడిపోతాయి. ఎక్కడా బొటనవేలి కంటే మందంగా ఉండకూడదు. మందంగా ఉన్నచోట పైభాగం ఆరినా లోపల తడి మిగిలి పగులుతుంది. పల్నాటి ఎండలో పెడితే గంటలో ఆరుతుందని చాలామంది పొరబడతారు. నీడలో, తడిగుడ్డ కప్పి, రెండు మూడు రోజులు నిదానంగా ఆరబెట్టాలి. మురుగు కాల్వల పక్కనున్న మట్టి, పురుగుమందు తాజాగా కొట్టిన చేలోని మట్టి వాడరాదు. చేతికి గాయాలుంటే ఈ పనికి దూరంగా ఉంచాలి. పని ముగిశాక గోళ్లతో సహా సబ్బుతో కడిగించాలి.

ఇవే చేతులు వినాయకచవితి నాటికి మట్టి గణపతిని సొంతంగా చేయగలుగుతాయి.

వంటింట్లోనే రంగుల దుకాణం

దిష్టి తీసే ఎర్రనీళ్లు చూడని తెలుగు ఇల్లు లేదు. పసుపు నీళ్లలో సున్నం కలపగానే ఎరుపెక్కుతుంది. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రబడటం, ఆమ్లం తగిలితే తిరిగి పసుపు పచ్చగా మారడం దీని వెనకున్న రహస్యం. ఈ గుణంతోనే పిల్లలు అబ్బురపడే 'మాయా అక్షరాలు' రాయించవచ్చు.

చెంచాడు పసుపును అర గ్లాసు నీటిలో కలిపి, తెల్లకాగితంపై దూదితో పూసి ఆరనివ్వాలి. బట్టల సబ్బు ముక్కను కొద్ది నీటిలో కరిగించి, అందులో పుల్ల ముంచి పసుపు కాగితంపై రాస్తే ఎర్రటి గీత ప్రత్యక్షమవుతుంది. దానిపై నిమ్మరసం అద్దితే అక్షరం మాయమవుతుంది. వంటసోడా నీళ్లతోనూ రాయవచ్చు. రంగు కాస్త గోధుమ వర్ణంలో వస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక తప్పనిసరి. పిడుగురాళ్ల పరిసరాల్లో సున్నపు బట్టీలు విస్తారంగా ఉన్నందున ఈ ప్రాంతంలో సున్నం ప్రతిచోటా కనిపిస్తుంది. పిల్లల ఆటల్లో మాత్రం సున్నం ఉండరాదు. రాతి సున్నంపై నీరు పడితే సలసల కాగుతుంది. తాంబూలంలోకి వాడే సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కినప్పుడు అది చిట్లి కంట్లో పడి చూపు దెబ్బతిన్న ఘటనలను కంటి వైద్యులు నమోదు చేశారు. పొరపాటున సున్నం కంట్లో పడితే నలపకూడదు. కనిపించే పలుకులు ఉంటే మెల్లగా తొలగిస్తూ, రెప్పలు తెరిచి పట్టుకుని, కనీసం 20 నిమిషాల పాటు ధారగా మంచినీరు పోస్తూ కడగాలి. వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 'మాయా అక్షరాల'కు సబ్బు నీళ్లు సూచించడానికి కారణం ఇదే. సబ్బు నీరు కూడా కళ్లు మండిస్తుంది కనుక పెద్దలు పక్కనే ఉండాలి.

మిగిలిన రంగులకూ కొదవ లేదు. ఎర్ర మందార రేకులను కాగితంపై రుద్దితే ఊదా రంగు వస్తుంది. దానికి నిమ్మరసం తగిలితే గులాబీ వర్ణం, సోడా నీళ్లు తగిలితే పచ్చదనం తొంగిచూస్తాయి. శంఖుపూలు నీలం ఇస్తాయి. పాలకూర ఆకు ఆకుపచ్చ, బీట్‌రూట్ ముదురు గులాబీ, ఎర్రమన్ను కావి, బొగ్గు నలుపు ఇస్తాయి. మన్ను, బొగ్గు పొడులు కాగితాన్ని పట్టుకోవాలంటే జిగురు కావాలి. నీటిలో రాత్రంతా నానబెట్టిన తుమ్మ జిగురును పొడిలో కలిపితే చక్కని నీటి రంగు తయారవుతుంది. పూల రంగులు ఎండ తగిలితే కొద్ది రోజుల్లో వెలిసిపోతాయి. మట్టి, బొగ్గు రంగులు ఏళ్ల తరబడి నిలుస్తాయి. పాత గుళ్ల గోడలపై కావి నేటికీ నిలిచి ఉండటానికి కారణం అదేనని పిల్లలకు చెప్పవచ్చు.

ఎరుపు కోసం కారం డబ్బా తెరవడం మాత్రం కూడదు. మిర్చి పండే సీమలో కారం ప్రతి ఇంటా ఉంటుంది. పిల్లల చేతి నుంచి కంటికి చేరడానికి క్షణం పట్టదు.

నాపరాతి గచ్చే నల్లబల్ల

మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల నాపరాళ్లు పరిచిన ఇళ్లలో గచ్చే పెద్ద పలక. సుద్దముక్కతో గీసి, తడిగుడ్డతో తుడిచేయవచ్చు. మధ్యాహ్నం వేళ చల్లగానూ ఉంటుంది. ముగ్గు వేయడం ఆడపిల్లల పని అన్న అభిప్రాయాన్ని పక్కనపెట్టి అబ్బాయిలనూ కూర్చోబెట్టాలి. ఎందుకంటే ముగ్గు బొమ్మ మాత్రమే కాదు, లెక్క కూడా.

ఐదు చుక్కలు వరుసగా పెట్టి, పైన, కింద సరి చుక్కగా మూడు, ఒకటి వచ్చేలా తగ్గిస్తూ పోతే మొత్తం 13 చుక్కలవుతాయి. అవే ఐదు చుక్కలకు పైన, కింద సందు చుక్కగా నాలుగు, మూడు పెడితే 19 అవుతాయి. చుక్కలు పెట్టకముందే ఎన్ని వస్తాయో చెప్పమంటే ఎనిమిదేళ్ల పిల్లలు వేళ్లపై లెక్కగడతారు. చుక్కలను కలపడం, చుక్కల చుట్టూ మెలిక తిప్పడం అనేవి రెండు వేర్వేరు పద్ధతులు. మెలికల ముగ్గులో గీత ఎక్కడా తెగకుండా మొదలైన చోటికే చేరాలన్న నియమం పెడితే పిల్లలు గంటసేపు తల ఎత్తరు. చిన్నారులకు ముగ్గుపిండి కంటే సుద్దముక్క లేదా బియ్యప్పిండి మేలు. రాతి ముగ్గుపొడి ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

అరచేతిలో కోటప్పకొండ ప్రభ

మహాశివరాత్రికి కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి తిరునాళ్లకు చుట్టుపక్కల గ్రామాల నుంచి తరలివచ్చే ప్రభలను చూడని పిల్లలు ఈ ప్రాంతంలో అరుదు. వాటిలో కొన్ని 80 అడుగులకు పైబడి ఉంటాయి. అంత ఎత్తైన ప్రభ ఎగుడుదిగుడు బాటలో పడిపోకుండా ఎలా వస్తుందన్నది పిల్లలు తప్పక అడిగే ప్రశ్న. ఇంట్లో రెండడుగుల ప్రభ కడితే సమాధానం వారికే దొరుకుతుంది.

కావలసినవి కొబ్బరి ఈనెలు, పాత అట్టపెట్టె, శుభలేఖలు, రంగు కాగితాలు, దారం. జిగురు కోసం గ్లాసు నీటిలో రెండు చెంచాల మైదా కలిపి సన్నని సెగపై చిక్కబడే వరకు పెద్దలు కలియబెట్టాలి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం కాబట్టి పిల్లల జిగురులో వేయరాదు. రోజూ కొద్దిగా కాచుకోవడమే మంచిది.

ఐదారు ఈనెలను కట్టగా కట్టి రెండు నిలువు గుంజలు చేయాలి. వాటికి జానెడుకొకటి చొప్పున అడ్డ ఈనెలను దారంతో బిగించాలి. పైకి పోయే కొద్దీ వెడల్పు తగ్గాలి. ముందువైపు అట్ట అతికించి, దానిపై శుభలేఖల నుంచి కత్తిరించిన బొమ్మలు, రంగు కాగితపు పూలు, అంచు కుచ్చులు అంటించాలి. అడుగున గట్టి అట్టతో పీట చేసి, పాత చెప్పుల అడుగు భాగాలను గుండ్రంగా కోసి చక్రాలుగా అమర్చాలి. చెప్పులు కోసే పని పెద్దలది.

ఇప్పుడు లాగి చూస్తే ప్రభ ముందుకో వెనక్కో వాలుతుంది. పీటపై రెండు గులకరాళ్లు పెడితే కాస్త నిలబడుతుంది. బరువు కిందికి చేరితే వస్తువు నిలకడగా ఉంటుంది. పైభాగం నుంచి నాలుగు దిక్కులా దారాలు కట్టి నలుగురు పిల్లలు పట్టుకుంటే ఇక వాలదు. పెద్ద ప్రభల చుట్టూ మోకులు పట్టుకుని పదుల సంఖ్యలో మనుషులు నడిచేది ఇందుకే. ఒకరు గట్టిగా లాగితే ప్రభ అటే కూలుతుంది. నలుగురూ ఒకరినొకరు చూసుకుంటూ లాగాలి. ఊరంతా కలిసి చేసే పనిలోని కిటుకు పిల్లలకు అర్థమయ్యేది అప్పుడే. ప్రభకు వెలుగు కావాలనుకుంటే చిన్న టార్చిలైటు వాడాలి. ఇంటి కరెంటు తీగ, కొవ్వొత్తి వాడితే ప్రమాదం.

సబ్బుపై దుర్గి శిల్పం

మాచర్ల సమీపంలోని దుర్గి గ్రామం రాతి శిల్పాలకు పేరొందింది. ఇక్కడి శిల్పకళకు భౌగోళిక గుర్తింపు సైతం లభించింది. అదే ప్రాంతంలో నాగార్జునకొండ లోయ ఉంది. ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల్లో అక్కడ సున్నపురాతిపై అపురూప శిల్పాలు చెక్కారు. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగిపోనున్న నేపథ్యంలో 1954 నుంచి 1960 వరకు భారీ తవ్వకాలు జరిపి, వెలికితీసిన శిల్పాలను తర్వాత జలాశయం మధ్య ద్వీపంలోని మ్యూజియంలో భద్రపరిచారు.

ఆ శిల్పాలను చూసి వచ్చిన పిల్లలకు ఒక స్నానపు సబ్బు, ఒక పాత చెంచా ఇస్తే చెక్కడమంటే ఏమిటో తెలుస్తుంది. సబ్బుపై అక్షరాలను చదునుగా గీకేయాలి. చేప, ఆకు, తామర వంటి తేలికైన ఆకారాన్ని పెన్సిలుతో గీయాలి. ఆకారం వెలుపలి భాగాన్ని చెంచా కాడతో కొద్దికొద్దిగా గీకుతూ పోతే బొమ్మ పైకి తేలుతుంది. మట్టి బొమ్మలో తప్పు జరిగితే మళ్లీ అతికించవచ్చు. చెక్కడంలో పోయింది తిరిగి రాదు. అందుకే నిదానం అవసరం. కత్తి, బ్లేడు ఇవ్వరాదు. రాలిన పొట్టును ఒక డబ్బాలో వేసి చేతులు కడగడానికి వాడుకోవచ్చు. ఎనిమిదేళ్లు దాటిన వారికి ఇది అనువైనది.

దీపాలు పెట్టే వేళ.. తెరపై పల్నాటి కోడి

పొద్దుగూకాక ఇంటిల్లిపాదీ కలిసే సమయానికి తోలుబొమ్మలాట సిద్ధం చేయవచ్చు. రెండు కుర్చీల మధ్య పాత తెల్ల పంచె కట్టి, వెనక టార్చిలైటు పెడితే రంగస్థలం తయారు. కథ కోసం వెతకాల్సిన పనిలేదు. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మల కోడిపందెం, ఓడినవారి ఏడేళ్ల వనవాసం, కారెంపూడి యుద్ధరంగం పల్నాటిలో ఎవరికి తెలియవు?

అట్టపై కోడిపుంజు ఆకారం కత్తిరించి, కంటికి రంధ్రం, తోకకు చీలికలు పెట్టాలి. కాళ్లను విడిగా కోసి దారపు ముడితో బిగిస్తే ఊగుతాయి. కొబ్బరి ఈనె అతికిస్తే ఆడించే పుల్ల అవుతుంది. నీడలో రంగులు కావాలంటే తెల్లకాగితంపై క్రేయాన్లతో దట్టంగా రంగులద్ది, వెనక కొబ్బరి నూనె పూసి తుడవాలి. నూనె పీల్చిన కాగితం గుండా వెలుతురు ప్రసరించి తెరపై రంగులు విరుస్తాయి. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట వంటి చోట్ల కళాకారులు మేక తోలును పల్చగా చేసి రంగులద్దేది ఈ సూత్రంతోనే. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ స్పష్టంగా, దీపానికి దగ్గర చేస్తే పెద్దదిగా, మసకగా పడుతుంది. పోట్లాటలో పుంజు ఒక్కసారిగా పెరిగి మీదికి దూకినట్లు చూపడానికి ఈ చిట్కా చాలు. పిల్లలు బొమ్మలాడిస్తే, నాయనమ్మ కథ చెప్పవచ్చు.

బహుమతి ఆశ చూపొద్దు

'మంచి బొమ్మ వేస్తే చాక్లెట్ కొనిస్తా' అనడం పెద్దలకు పరిపాటి. ఇది మేలు కంటే కీడే చేస్తుందని అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1973లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. బొమ్మలంటే సహజంగా ఇష్టపడే బాలబాలికల్లో కొందరికి బహుమతి ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు వేయించారు. మరికొందరికి చెప్పకుండా ఇచ్చారు. ఇంకొందరికి ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తర్వాత గమనిస్తే, ముందే ఆశ చూపిన పిల్లలు ఖాళీ సమయంలో బొమ్మలపై పెట్టే శ్రద్ధ తగ్గిపోయింది. ఇష్టంతో చేసే పని కూలికి చేసే పనిగా మారడమే దీనికి కారణం.

బహుమతికి బదులు శ్రద్ధగా చూడటం చాలు. 'ఏమిటిది?' అని నిలదీసే బదులు 'దీని గురించి చెప్పు' అనాలి. అక్క బొమ్మతో తమ్ముడి బొమ్మను పోల్చకూడదు. కాగితం వెనక పేరు, తేదీ రాసి, గదిలో ఒక దండెం కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయాలి. వారానికోసారి పాతవి తీసి ఒక అట్టపెట్టెలో దాచాలి. ఎత్తి పారేయరాదు.

రోజంతా వారితో కూర్చోవడం కూలీనాలీ చేసుకునే వారికి, ఉద్యోగులకు సాధ్యం కాకపోవచ్చు. రోజుకు అరగంట చాలు. ఒక రోజు మట్టి కలిపి ఇస్తే రెండు మూడు రోజులు పిల్లలే పని కల్పించుకుంటారు. ఇరుగుపొరుగు కుటుంబాలు వంతులు వేసుకుని, ఒక్కో మధ్యాహ్నం ఒక్కో ఇంటి వసారాలో పిల్లలను కూర్చోబెడితే భారం మరింత తగ్గుతుంది.

జూన్‌లో బడులు తెరిచే నాటికి ఆ అట్టపెట్టె తెరిచి, తేదీల వరుసన కాగితాలను నేలపై పరిచి చూడాలి. మొదటి వారం సున్నాకు రెండు కాళ్లున్న అమ్మకు, చివరి వారానికి చేతులు, జడ, చెవులకు దుద్దులు వచ్చి ఉండవచ్చు. ఎవరూ దిద్దకుండానే వచ్చిన మార్పు అది. ఆ కాగితాలను తరగతి గదికి తీసుకెళ్తే, సెలవుల్లో ఏం చేశావని ఉపాధ్యాయులు అడిగినప్పుడు పిల్లలకు చూపించడానికి ఒకటి ఉంటుంది.